పిల్లల్లేని ఊళ్లో నర్సు పని

నేను ఉద్యోగం మానేసి కామారెడ్డిలో స్థిరపడ్డప్పటి నుంచి, విదేశాల్లో ముసలివాళ్లను చూసుకునే పనికి వెళ్లాలనుకునే ఆడపిల్లలు మా ఇంటికి వస్తున్నారు. మాచారెడ్డి నుంచి వస్తారు, ఎల్లారెడ్డి నుంచి వస్తారు. సోఫా అంచు మీద కూర్చుని మంచినీళ్లు తాగి, “ఆంటీ, అక్కడ చలి మస్తుంటదా?” అని మొదలుపెడతారు. ఆ తర్వాత జీతం అడుగుతారు. జీతం సంగతి ఏజెంటును అడగమంటాను. అతను నిజం చెప్పేది ఆ ఒక్క విషయంలోనే.

చలికి స్వెట్టరుంది. భాష ఏడాదిలో వస్తుంది. ఎవరూ చెప్పనిది ఇంకొకటుంది. మీరు వెళ్తున్నది పిల్లలు పుట్టడం ఆగిపోతున్న ఊళ్లకు. అక్కడ పుట్టాల్సిన కూతుళ్లు, కోడళ్లు పుట్టలేదు కాబట్టి ఆ ఖాళీలో మిమ్మల్ని నిలబెడతారు. నిలబడ్డవాళ్లకు ఏమవుతుందో నేను చూశాను. అదే రాస్తున్నాను. నాకు వచ్చిన ప్రమోషన్లు, సర్టిఫికెట్లు బీరువాలో ఉన్నాయి, వాటితో మీకు పని లేదు.

ఎల్లారెడ్డి కాన్పుల గది

నా పేరు సుగుణ. నర్సు చదువు అయ్యాక నేను పని నేర్చుకుంది ఎల్లారెడ్డిలో, కాన్పుల గదిలో. మంచం మీద ఒకామె, కింద చాప మీద ఇంకొకామె, వరండాలో గోడకు ఆనుకుని మూడో ఆమె. తలుపు బయట అత్తలు, అమ్మలు, ఆడబిడ్డలు. ఒకరు పుట్టింది ఆడో మగో అడుగుతుంటే, ఇంకొకరు చాయ్ ఎక్కడ దొరుకుతుందని అడిగేవారు. ఆ గోలలో నా మాట నాకే వినపడేది కాదు. ఎప్పుడు ఈ గోల తప్పుతుందా అని దేవుడికి మొక్కుకునేదాన్ని. దేవుడు విన్నాడు, కాకపోతే నేను మొక్కినదానికంటే చాలా ఎక్కువ ఇచ్చాడు.

మా పెద్ద నర్సు అనసూయమ్మ నోరు పెద్దది. ఆమె నోటికి డాక్టర్లు కూడా భయపడేవారు. నొప్పులు పడుతున్న ఒకామెకు నేను పుస్తకంలో చదివినదంతా వివరిస్తుంటే, పక్కకు లాగి కసిరింది.

“దానికి నొప్పి గురించి నువ్వు జెప్పేదేంది? పడేది అదే గదా. పొద్దుగాల ఏం కూర వండినవని అడుగు. ముచ్చట్ల పడితే నొప్పి దాని పని అది జేస్కుంటది.”

నర్సింగులో నేను నేర్చుకున్న అసలు పాఠం ఇదే. మనిషికి తెలిసిన బాధను మళ్లీ మనం వివరించకూడదు. ఆ పాఠాన్ని ఇటలీలో మరిచిపోయి ఎలా దెబ్బతిన్నానో తర్వాత చెప్తాను.

ఆరేసిన బట్టలు

పెళ్లయిన కొన్నేళ్లకే మా ఆయన పోయాడు. పిల్లలు లేరు. ఎల్లారెడ్డిలో నన్ను చూసినప్పుడల్లా జాలిపడేవాళ్ల మధ్య ఉండలేక, తెలిసిన కేరళ సిస్టర్ల ద్వారా ఇటలీలో ఒక కొండ ఊరికి వెళ్లాను. ఊరి పేరు చెప్పను, అలాంటి ఊళ్లు అక్కడ బోలెడు. పని వృద్ధాశ్రమంలో.

ఆ ఆశ్రమం ఒకప్పుడు బడి. పిల్లలు తగ్గిపోయి బడి మూతపడితే, అదే భవనంలో మంచాలు వేశారు. వరండా గోడకు కోట్లు తగిలించే కొక్కేలు నా నడుం ఎత్తులోనే ఉండేవి. చేతులు కడుక్కునే సింకులు కూడా పిల్లల ఎత్తువే. వాటిని మార్చలేదు, ఎందుకంటే చక్రాల కుర్చీలో కూర్చున్నవాళ్లకు అవి సరిగ్గా సరిపోయాయి.

చేరిన కొత్తలో ఆ ఊళ్లో ఏదో తక్కువగా ఉందనిపించేది. అదేమిటో తెలిసేది కాదు. ఒక ఆదివారం సందులో బట్టలు ఆరేస్తూ తలెత్తి చూశాను. కిటికీ నుంచి కిటికీకి తాళ్లు, వాటి నిండా దుప్పట్లు, ప్యాంట్లు, పెద్దవాళ్ల లోబట్టలు. చిన్న గౌను లేదు, చిన్న లాగు లేదు. ఊరంతా తిరిగి చూసినా ఒక్క తాడు మీద కూడా లేదు. చేతిలో తడి దుప్పటి పట్టుకుని అలాగే నిలబడిపోయాను. భయమేసింది, నిజంగా.

అక్కడ నన్ను ఎవరూ “పిల్లలెంతమంది?” అని అడగలేదు. మొదట్లో హాయిగా ఉండేది. ఎవరికి వాళ్లు ఆ ప్రశ్న తమనెవరూ అడగకూడదని కోరుకుంటున్నారని తర్వాత అర్థమైంది.

మనవాళ్లు ఇక్కడ కూర్చుని తేల్చేస్తుంటారు, తెల్లవాళ్లకు సుఖం మరిగి పిల్లల్ని కనరని. నేనూ అలాగే అనుకుని వెళ్లాను. మా ఆశ్రమం డైరెక్టరు లుచియా నాకు పై అధికారి, నాకంటే కొంచెం చిన్నది. ఒకరోజు ఆమెతో కాఫీ తాగుతూ నోరు జారి అడిగేశాను. ఆమె కోపం తెచ్చుకోలేదు.

“ఉద్యోగం ఏడాదికోసారి రాసిచ్చేవారు. వచ్చే ఏడాది ఉంటుందో లేదో తెలియదు. అద్దె ఇల్లు. మా అమ్మ మంచాన పడింది, ఆమెను చూసుకున్నాను. తర్వాత నాన్న పడ్డాడు. వచ్చే ఏడాది కందామని నేనూ మా ఆయనా ప్రతి ఏడాదీ చెప్పుకునేవాళ్లం. ఒక ఏడాది చెప్పుకోవడం మానేశాం. అంతే సుగుణా, ఇంకేం లేదు.”

ఆ తర్వాత నేను ఆ దేశం గురించి తీర్పులు చెప్పడం మానేశాను. ఒక దేశం ఖాళీ కావడానికి యుద్ధం రానక్కర్లేదు. మంచివాళ్లు, కష్టపడేవాళ్లు, వచ్చే ఏడాది చూద్దాంలే అనుకుంటే చాలు.

నాలుగు గంటలకు

మా ఆశ్రమంలో అసుంత అనే ముసలమ్మ ఉండేది. మతిమరుపు బాగా ముదిరింది. వయసులో ఉన్నప్పుడు ఆమె ఆ ఊరి బడి బండి నడిపేది. కొండ దారుల్లో చుట్టుపక్కల పల్లెల పిల్లల్ని పొద్దున్న తెచ్చి, సాయంత్రం ఎవరి ఇంటి ముందు వాళ్లను దింపేది. మనిషి బక్కపలచన, గొంతు మాత్రం బస్సు కండక్టరుది.

రోజూ సాయంత్రం నాలుగు అయ్యేసరికి లేచి కోటు వేసుకుని తలుపు దగ్గర నిలబడేది. “తాళాలివ్వు, పిల్లలు ఎదురుచూస్తుంటారు” అనేది. మాకు తెలిసిన భాషలన్నింటిలో బతిమాలేవాళ్లం, వినేది కాదు.

నేను కొత్త. ఓపిక నశించి ఒకరోజు ఆమె భుజాలు పట్టుకుని ఉన్న మాట చెప్పేశాను. “బడి మూసేశారు అసుంతా. పిల్లలు లేరు. ఇప్పుడు ఈ ఊళ్లో పిల్లలే లేరు.” ఆమె నా మొహంలోకి చూసింది. “ఒక్కళ్లు కూడా లేరా? ఏమైంది వాళ్లకు?” అని అడిగింది. ఏదో బండి లోయలో పడిందనుకుంది పాపం. ఆ ఏడుపు నేను ఆపలేకపోయాను. మర్నాడు అంతా మరిచిపోయి మళ్లీ నాలుగింటికి కోటు వేసుకుంది. ఆ రోజు నాకు అనసూయమ్మ కసురు గుర్తొచ్చింది. “బండి ఏ ఊరు మీదుగా వెళ్తుంది అసుంతా?” అని అడిగాను. కూర్చుని దారంతా చెప్పింది. మీరూ అలాగే చేయండి. మతి పోయినవాళ్లకు నిజం చెప్పడం నిజాయితీ కాదు, బద్ధకం.

స్వరూప

నేను వెళ్లిన కొన్నేళ్లకు స్వరూప వచ్చింది. పిట్లం అవతల చిన్న ఊరు ఆమెది. తండ్రి లేడు, తల్లి రాజవ్వ కూలికి వెళ్లి చదివించింది. భర్త రమేశ్ మస్కట్‌లో డ్రైవరు. ఇద్దరూ సెలవులు కలుపుకుని ఏడాదికోసారి పిట్లంలో కలుసుకునేవారు. భార్యాభర్తలకు రెండు దేశాలు, కాపురానికి మూడోది.

అలా ఒకసారి సెలవుకు వెళ్లివచ్చిన కొన్ని వారాలకు మందుల గదిలో నా పక్కన నిలబడి, “అక్కా, నాకు నెల తప్పింది” అంది. సంతోషపడుతోందో భయపడుతోందో ఆమెకే తెలియడం లేదు.

“ఉంచుకుంటవా?” అన్నాను.

“ఉంచుకుంట అక్కా. వచ్చేసారి జూద్దామంటే వచ్చేసారి సెలవు దొర్కుతదో లేదో. లుచియా మేడం లెక్క గావద్దు నేను.”

మెల్లగా విషయం ఊళ్లో పాకింది. రొట్టెలమ్మే ఆయన స్వరూపకు రొట్టె ఊరికే ఇవ్వడం మొదలుపెట్టాడు. రోడ్డు మీద ముసలివాళ్లు ఆమెను చూసి టోపీలు తీసేవాళ్లు. నెలలు నిండాయి. కొండ కింద ఆసుపత్రిలో కాన్పుల వార్డు ఎప్పుడో ఎత్తేశారు, కాబట్టి ముందుగానే పెద్ద పట్నానికి తీసుకెళ్లాం. ఆడపిల్ల పుట్టింది. వెన్నెల అని పేరు పెట్టుకుంది.

పిల్లతో తిరిగొచ్చిన రోజు పంచాయతీ ఆఫీసు తలుపుకు పెద్ద గులాబి రంగు రిబ్బను కట్టి ఉంది. ఆడపిల్ల పుడితే ఇంటి తలుపుకు అలా కట్టడం వాళ్ల ఆచారం. ఆ ఊళ్లో పిల్ల పుట్టి ఎంతకాలమైందో, అందుకే ఊరి తలుపుకే కట్టారు. చర్చి గంట కొట్టారు. మేయరు పొడవుగా మాట్లాడాడు. ఆ దేశం చట్టంలో అక్కడ పుట్టినంత మాత్రాన అక్కడి మనిషి కాదు. వెన్నెల పాస్‌పోర్టు మనదే. ఆ సంగతి ఆ రోజు ఎవరూ ఎత్తలేదు, ఎత్తడం బాగుండదు కూడా.

చీర ఉయ్యాల

ప్రసవం సెలవు అయిపోయాక పిల్లను ఎక్కడ ఉంచాలన్నది ప్రశ్న. ఊళ్లో శిశు సంరక్షణ కేంద్రం లేదు, పిల్లలే లేనప్పుడు ఎందుకుంటుంది? కింద పట్నంలో ఒకటుంది. అది తలుపు తెరిచే వేళకు మా పొద్దుటి డ్యూటీ సగం అయిపోతుంది. నేనూ స్వరూపా ఎదురు షిఫ్టులు వేసుకుని కొన్నాళ్లు లాక్కొచ్చాం. కానీ మనుషులు చాలక ఇద్దరం ఒకేసారి డ్యూటీలో ఉండాల్సిన రోజులే ఎక్కువ. ఊళ్లో ప్రేమగా ముద్దుపెట్టడానికి వంద మంది ఉన్నారు. పసిదాన్ని రోజంతా ఎత్తుకుని తిప్పగల నడుములు మాత్రం ఎవరికీ లేవు. పని మానేద్దామంటే ఆమె ఆ దేశంలో ఉండే అనుమతి ఆ ఉద్యోగంతోనే ముడిపడి ఉంది. రాజవ్వను పిలిపిద్దామంటే వీసా రాలేదు.

లుచియా కిటికీలోంచి బయటికి చూస్తూ, “వెనక గదిని నేను రోజూ తనిఖీ చేయను” అంది. అంటే తెచ్చుకోమని.

వెనక గదిలో మంచాన పడ్డ రోగుల్ని ఎత్తి కుర్చీలో కూర్చోబెట్టే యంత్రం ఉండేది, పొడవాటి చెయ్యి, దానికి కొక్కెం. స్వరూప దాన్ని ఒకసారి చూసింది. తన నూలు చీర తెచ్చి కొక్కేనికి ముడివేసి ఉయ్యాల కట్టింది. మనవాళ్లకు ఎక్కడ కొక్కెం కనిపించినా అదే బుద్ధి. చక్రాలకు బ్రేకు వేసి, చీర లాగి లాగి చూసి, వెన్నెలను పడుకోబెట్టింది.

ఆ తర్వాతి నెలలు నా ఉద్యోగంలోనే మంచి నెలలు. అన్నం ముట్టనని మొండికేసేవాళ్లు పిల్ల ఏడుపు వింటూ నాలుగు ముద్దలు తినేవారు. నాలుగింటికి అసుంత కోటు వేసుకోగానే స్వరూప వెన్నెలను తెచ్చి ఆమె ఒళ్లో పెట్టేది. అసుంత పిల్ల చుట్టూ చేతులు వేసి సర్దుకుని కూర్చునేది. “అందరూ దిగారు, ఇది ఒక్కతే మిగిలింది” అనేది. తలుపు వైపు మళ్లీ చూసేది కాదు.

ఎండు మిరపకాయలు

చలికాలం మధ్యలో వెన్నెలకు వదలని జలుబు పట్టింది. పాలు సరిగా తాగడం లేదు. రాజవ్వ వీడియోలో పిల్లను చూసి గుండెలు బాదుకుంది.

“అంతమంది ముసలోళ్ల కండ్లు ఒక్కదాని మీద పడబట్టె! పిలగాండ్ల మొకం జూడక మొకం వాచిపోయి ఉన్నరు. దిష్టి గాక ఏమైతది? జర తీసెయ్యే స్వరూపా.”

నవ్వుకోకండి. ఆ ఊళ్లో ఆ కళ్లను చూసినవాళ్లెవరూ రాజవ్వ మాట కొట్టిపారేయరు. నాకూ సబబే అనిపించింది.

మధ్యాహ్నం స్వరూప సిబ్బంది వంటగదిలో ఉప్పు, ఎండు మిరపకాయలు పిడికిట పట్టి పిల్ల చుట్టూ మూడుసార్లు తిప్పింది. మన దగ్గరైతే పొయ్యిలో పడేస్తాం. అక్కడ పొయ్యి కరెంటుది, నిప్పు లేదు. అందుకని పెనం ఎర్రగా కాల్చి దాని మీద వేసింది. దిష్టి గట్టిగా తగిలితే మిరపకాయల ఘాటు రాదంటారు. ఆ రోజు వచ్చిన ఘాటుకు మొత్తం భవనం దగ్గింది.

పొగ గుర్తుపట్టే గంటలు ఒక్కసారిగా మోగాయి. నియమం ప్రకారం అందర్నీ బయటికి తీయాలి. దుప్పట్లు చుట్టి, చక్రాల కుర్చీలు తోసుకుంటూ మంచులోకి తెచ్చాం. ఉబ్బసం ఉన్న ఒక ముసలాయన్ని ఆసుపత్రికి పంపాల్సి వచ్చింది. రెండు రోజుల్లో తిరిగొచ్చాడు, ప్రాణానికి ఏం కాలేదు. ఫైరింజను వాళ్లు వచ్చి ఒక్కో గదీ వెతికారు. వంటగదిలో నల్లబడ్డ పెనం దొరికింది. వెనక గదిలో రోగుల్ని ఎత్తే యంత్రానికి వేలాడుతున్న చీర ఉయ్యాల దొరికింది.

మర్నాడు లుచియా మా ఇద్దర్నీ పిలిచింది.

“మిరపకాయల సంగతి నేను సర్దుకోగలను. వంటలో మాడిందని చెప్పాను. కానీ వాళ్లు ఉయ్యాల చూశారు. రిపోర్టులో రాశారు. ఈ భవనానికి ఉన్న అనుమతి వృద్ధులకు. పని వేళల్లో ఇక్కడ పసిపిల్ల ఉంటే ఆశ్రమం మూసేస్తారు.”

“మేడం, ఇది బడి కదా, పిల్లల కోసమే కట్టారు కదా” అంది స్వరూప, వచ్చిన ఇటాలియన్ భాషలో.

లుచియా కళ్ల నిండా నీళ్లున్నాయి. ఆమె చెడ్డది కాదు. నా జీవితంలో నేను చూసిన మంచి పై అధికారుల్లో ఆమె ఒకతె. మంచివాళ్లు పైన ఉన్నా ఇలాగే జరుగుతుందని మీరు తెలుసుకోవాలి, అందుకే చెప్తున్నాను.

మేయరు దగ్గరికి కూడా వెళ్లాం. ఆయన వెన్నెలను ఎత్తుకుని ముద్దాడి, పై ఆఫీసుకు ఉత్తరం రాస్తానన్నాడు. రాశాడేమో. జవాబు మాత్రం రాలేదు.

స్వరూప మస్కట్‌కు ఫోన్ చేసింది, పిట్లానికి చేసింది. చివరికి రాజవ్వే తేల్చింది. “నాకు పంపియ్ బిడ్డా. నిన్ను సాదలేదా, దాన్ని సాదలేనా?”

పిట్లం

నాకు వారం సెలవు దొరికింది కాబట్టి వెన్నెలను నేనే తీసుకొచ్చాను. కాగితాలన్నీ లుచియా దగ్గరుండి చేయించింది. బయల్దేరే ముందు స్వరూప పిల్లకు రొమ్ము మాన్పించింది. మన దగ్గరైతే పాలు ఇంకిపోవడానికి మల్లెపూలు కడతారు. ఆ మంచులో మల్లెలెక్కడివి? గట్టిగా గుడ్డ కట్టాను. నర్సుగా ఎందరికో కట్టాను. ఆ రోజు ముడి రెండుసార్లు విప్పి మళ్లీ కట్టాను. విమానాశ్రయంలో ఆమె ఏడవలేదు. పిల్ల సాక్సు ఒకటి జారితే ఎక్కించి, “మళ్ల జారిపోతది అక్కా, జూస్కో” అంది.

హైదరాబాదు నుంచి కామారెడ్డి, అక్కడి నుంచి బాన్సువాడ మీదుగా పిట్లం. రాజవ్వ బస్సు దగ్గరికే వచ్చింది. నా చేతుల్లోంచి పిల్లను తీసుకుని, మెడ దగ్గర ముక్కు పెట్టి వాసన చూసింది.

“దీని వాసన నా బిడ్డదే అక్కా. గిన్ని దినాలు ఫోన్ల మొకమే జూసిన గని వాసన రాలేదు” అని నవ్వుతూనే ఏడ్చింది.

మర్నాడే అంగన్వాడీ టీచరు ఇంటికి వచ్చింది. పిల్లకు ఇంకా నడక రాలేదు, అప్పుడే పేరు రాసుకుంటానంటుంది. “మా సెంటర్ల పిలగాండ్లు తక్కువైతున్నరు అక్కా. అందరూ ఒక్కరితోనే ఆపుతున్నరు, ఉన్న ఆ ఒక్కరిని కూడా ప్రైవేటు బడికి పంపుతున్నరు. ఒక్క పేరు పెరిగినా మాకు ఆసరానే” అంది. ఆమె మొహంలో వెలుగు చూస్తే నాకు ఆ ఊరి తలుపుకు కట్టిన రిబ్బను గుర్తొచ్చింది. తిరిగి వెళ్లేలోపు ఒకసారి ఎల్లారెడ్డికి వెళ్లి కాన్పుల గది వరండాలో నిలబడ్డాను. చాప మీద ఎవరూ లేరు. శుభ్రంగా ఉంది, మంచిదే. నేనే ఒకప్పుడు పడక దొరకని తల్లుల్ని చూసి ఏడ్చిన మనిషిని, అందుకని దీన్ని తప్పుపట్టలేను. కానీ మనం కూడా ఆ దారిలోనే వెళ్తున్నాం. వాళ్లకు చివర్లో చూసుకోవడానికి పిట్లం నుంచి స్వరూప దొరికింది. మనకు ఎవరు దొరుకుతారో నాకు తెలియదు.

వెన్నెల ఇప్పుడు ఒకటో తరగతి. నెలకోసారి బస్సెక్కి వెళ్లి చూసొస్తాను. రాజవ్వను అమ్మ అంటుంది, స్వరూపను ఫోన్ అమ్మ అంటుంది. స్వరూప ఇంకా ఆ ఆశ్రమంలోనే ఉంది. ఇల్లు కట్టుకున్నాక వచ్చేస్తానంటుంది, ఇల్లు అయ్యాక పిల్ల చదువు అంటుంది. రమేశ్ మస్కట్‌లోనే ఉన్నాడు. ఇంకొకరిని కనే మాట ఎత్తితే, “వచ్చేసారి జూద్దాం అక్కా” అంటుంది.

తల్లి ఎక్కడ

మా ఇంటికి వచ్చే ఆడపిల్లలకు వెళ్లొద్దని నేను చెప్పను. ఆ హక్కు నాకు లేదు, కడుపు నింపే ఉద్యోగమే. ఒక్కటి మాత్రం చెప్తాను. మీ కాంట్రాక్టులో జీతం, సెలవు చూసినట్టే, మీకు పిల్ల పుడితే ఎక్కడ పెరుగుతుందో కూడా అడగండి. ఏజెంటు నవ్వుతాడు. నవ్వనీయండి. అడగకపోతే ఏమవుతుందో నేను వెన్నెలను దింపి తిరిగి వెళ్లిన రోజు చూశాను.

వెళ్లేసరికి నాలుగు కావస్తోంది. అసుంత కోటు వేసుకుని కుర్చీలో కూర్చుని ఉంది. స్వరూప కింద కూర్చుని ఆమె బూట్ల తాళ్లు కడుతోంది. యూనిఫారం మీద రొమ్ముల దగ్గర రెండు తడి మరకలు. నేను కట్టిన గుడ్డ ఆగలేదు. అసుంతకు మామూలుగా పొద్దున్న జరిగింది సాయంత్రానికి గుర్తుండదు. ఆ రోజు ఎలా గుర్తుందో, నన్ను చూడగానే చెయ్యి పట్టుకుంది.

“ఆ చివరి పిల్లను దింపావా?”

“దింపాను అసుంతా.”

“ఎవరు తీసుకున్నారు?”

“అమ్మమ్మ.”

“తల్లి ఎక్కడ?”

నేను స్వరూప వైపు చూడలేదు. “తల్లి పనిలో ఉంది” అన్నాను.

అసుంతకు కోపం వచ్చింది. బండి నడిపిన రోజుల నాటి గొంతుతో గదంతా వినపడేలా అరిచింది. “పిల్ల దిగే వేళకు గుమ్మంలో ఉండాల్సింది తల్లి. అంత గొప్ప పనేంటి ఆమెకు? ఎక్కడుందో వెతికి పిలుచుకురా!”

స్వరూప రెండో బూటు తాడు కూడా కట్టింది. ముడి సరిగా ఉందో లేదో వేలితో చూసింది. తల ఎత్తకుండా, మన భాషలోనే అంది.

“ఈడనే ఉన్న అని చెప్పక్కా.”

ఆ తర్వాత లేచి, అసుంత నడుం చుట్టూ చెయ్యి వేసి, వరండాలో నడిపించడానికి తీసుకెళ్లింది.